గొర్రెల మందకు మూసిన లోయ

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం, భువనగిరి గుట్ట వాలు మీద తాడు చుట్ట చుట్టుకుంటూ, మా బడిలో పది చదివి ఇప్పుడు ఇంటర్‌లో ఉన్న ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. "సార్, నందాదేవిని ఎవ్వరినీ ఎక్కనియ్యరంట గదా. అది మన దేశం కొండనే గదా, ఎందుకు ఎక్కనియ్యరు?" అంది. జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా నాకు నోటికి వచ్చిన జవాబే చెప్పాను: ఎక్కేవాళ్లు ఎక్కువై చెత్త పేరుకుపోయింది, వంట చెరకు కోసం పొదలు నరికారు, మంచు చిరుతకూ కస్తూరి మృగానికీ తావు లేకుండా పోతుంటే ప్రభుత్వం దారి మూసింది. పిల్ల తల ఊపింది. గుట్ట దిగి బస్సెక్కిన తరువాత మాత్రం నాకు మనసు నిలవలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు, అయితే అది సగం మాటే. మిగతా సగం నేను స్వయంగా పోయి చూసి, విని వచ్చి కూడా ఆ పిల్లకు చెప్పలేదు. ఆ సగం కోసమే ఇది రాస్తున్నాను.

భువనగిరిలో అటువంటి ప్రశ్న పుట్టడం సహజమే. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఆ కోట ఒకే బండ మీద ఉంది. 500 అడుగులకు పైగా లేచిన ఆ ఏకశిల ఇప్పుడు మన పిల్లలకు కొండలెక్కే విద్య నేర్పే బడి అయింది. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, తొలి పాఠాలు నేర్చింది ఈ బండ మీదనే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ రోజు తరువాత మా వైపు తండాల్లో, గూడేల్లో కొండ అన్న మాటకు అర్థమే మారిపోయింది. కట్టెలకూ మేకలకూ పోయే చోటు కాస్తా పేరు తెచ్చుకునే చోటు అయింది. నా శిష్యురాలికి 1981లో నందాదేవిని ఎక్కిన ముగ్గురు భారతీయ మహిళల పేర్లు కంఠతా వచ్చు: రేఖా శర్మ, హర్షవంతి బిష్ట్, చంద్రప్రభా ఐత్వాల్. వాళ్లు ఎక్కి దిగిన మరుసటి ఏడాదికే ఆ ప్రాంతం జాతీయ ఉద్యానమై, దారి మూసుకుపోయింది. ఇన్ని తరాలకు తన వంతు వచ్చేసరికి తలుపు మూసి ఉండటం ఆ పిల్లకు అన్యాయంగా తోచిందంటే, నేను తప్పు పట్టలేను.

ఉత్తరాఖండ్‌లోని నందాదేవి ఎత్తు 7,816 మీటర్లు. కాంచన్‌జంగ తరువాత దేశంలో ఇదే పెద్ద శిఖరం. కాంచన్‌జంగ నేపాల్ సరిహద్దు మీద ఉంది కాబట్టి పూర్తిగా మన నేల మీద నిలిచిన వాటిలో ఇదే అన్నిటికన్నా ఎత్తయినది. అయితే ఆ కొండ విశేషం ఎత్తులో కన్నా దాని ఆవరణలో ఉంది. ఏడు గుట్టల నడుమ దాగిన దేవరకొండ ఖిల్లాను చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. శిఖరం చుట్టూ నూరు కిలోమీటర్లకు పైగా కొండల ప్రాకారం ఉంది. అందులో 6,400 మీటర్లు దాటిన శిఖరాలే పదికి మించి ఉన్నాయి. ప్రాకారం లోపల పచ్చిక బయళ్లు, హిమానీనదాలు, నడుమ జంట శిఖరాలు. లోపలి నీళ్లు బయటికి పోవడానికి పడమటి దిక్కున ఒకే ఒక దర్వాజ ఉంది, అది ఋషిగంగ కోసుకున్న ఇరుకు లోయ. ఆ దర్వాజ గుండా లోపలి ఆవరణలోకి చేరే దారిని 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్లతోపాటు అంగ్‌థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు కనిపెట్టారు. రెండేళ్లకు, 1936 ఆగస్టు 29న, టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం చేరారు. 1950లో అన్నపూర్ణను ఎక్కే దాకా మనిషి పాదం మోపిన శిఖరాలలో అంతకన్నా ఎత్తయినది లేదు.

నేను ఆ కొండను చూసింది 2018 ఆగస్టు చివర, జోషీమఠ్ పైనున్న ఔలీ నుంచి, అదీ ఇరవై నిమిషాలు. నాలుగు రోజులు ముసురు పట్టి ఉండి, అయిదో నాడు తెల్లవారుజామున మబ్బు విడిపోయింది. నా పక్కన నిలబడిన గఢ్వాలీ ముసలమ్మ చేతులు జోడించి ఏడ్చింది. ఎందుకని అడిగితే, అది దేవత అనే కన్నా తమ ఆడపడుచు అన్న మాట ముందు వచ్చింది ఆమె నోట. నంద అంటే పార్వతి. గఢ్వాల్ వాళ్లకు ఆమె పుట్టింటి బిడ్డ, కైలాసం అత్తగారిల్లు. పన్నెండేళ్లకోసారి జరిగే రాజ్‌జాత్ యాత్రలో నౌటి అనే ఊరి నుంచి మొదలుపెట్టి, నాలుగు కొమ్ముల పొట్టేలును ముందు నడిపించుకుంటూ, హోమ్‌కుండ్ దాకా వెళ్లి బిడ్డను సాగనంపి వస్తారు. బతుకమ్మ పండుగ నాడు గౌరమ్మను చెరువులో సాగనంపేటప్పుడు సత్తుపిండి, వాయనాలు ఇచ్చి కళ్లు తుడుచుకునే మా ఆడవాళ్లను చూసి పెరిగినవాణ్ణి కనుక, ఆ ముసలమ్మ ఏడుపు నాకు పరాయి భాషలో వినిపించలేదు. ఆడపడుచు నెత్తి మీద కాలు పెట్టి జెండా పాతడం ఆ ఊళ్లవాళ్లకు ఎట్లా తోస్తుందో కూడా ఆ ఉదయమే నాకు మొదటిసారి తట్టింది.

ముందుగా ఒక సంగతి తేల్చి చెప్పాలి: శిఖరానికి పోయే దారి మూసి ఉంచడం మంచిదేనని నా అభిప్రాయం. 1962 తరువాత సరిహద్దు కారణంగా మూసి ఉన్న ఆ లోయ 1974లో విదేశీ జట్లకు తెరుచుకుంది; ఎనిమిదేళ్లలో అది ఏమైందో చూసిన తరువాతే దాన్ని మళ్లీ మూయాల్సి వచ్చింది. ఒక్కో జట్టు వెంట పదుల కొద్దీ బరువులు మోసే కూలీలు, వాళ్ల వంటకు ఎత్తైన చోట్ల పెరిగే, ఒక్క అడుగు ఎదగడానికి ఏళ్లు పట్టే జూనిపర్ పొదలు, దారి పొడవునా డబ్బాలు, తాళ్లు, డేరాలు, వీటన్నిటి మాటున కస్తూరి మృగం వేట. 1993లో సైన్యంలోని ఇంజనీర్ల దళం ప్రత్యేకంగా లోపలికి వెళ్లి పాత జట్లు వదిలిన చెత్తను మోసుకుని బయటికి తేవాల్సి వచ్చింది. అదే ఏడాది, మళ్లీ 2003లో వెళ్లిన శాస్త్రవేత్తలు లోపలి పచ్చిక, పొదలు తేరుకుంటున్న జాడలు చూశారు. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2005లో అదే వైపున్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) ఉద్యానాన్ని కూడా అందులో కలిపింది. ఇవన్నీ మూసివేత ఇచ్చిన ఫలితాలే. కాదనడం లేదు.

మనిషి ఆ కొండ మీద వదిలి వచ్చిన వాటిలో అన్నిటికన్నా భయంకరమైనది చెత్తకుప్ప కాదు. 1964లో చైనా అణుపరీక్ష చేసిన తరువాత, దాని క్షిపణులను కనిపెట్టే పరికరాన్ని నందాదేవి మీద పెట్టాలని అమెరికా గూఢచార సంస్థ, మన నిఘా విభాగం కలిసి 1965లో రహస్యంగా ఒక జట్టును పంపాయి. ఆ పరికరానికి విద్యుత్తు ఇవ్వడానికి ప్లుటోనియంతో నడిచే జనరేటరును మోయించారు. వాతావరణం చెడిపోవడంతో దాన్ని శిఖరానికి కింద ఒకచోట బండలకు కట్టి దిగి వచ్చారు; 1966లో తిరిగి వెళ్లేసరికి అది మంచు చరియలతో పాటు కొట్టుకుపోయి ఉంది. ఎంత వెతికినా దొరకలేదు. 1978లో సంగతి బయటపడి, ప్రధాని మొరార్జీ దేశాయి పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. ఋషిగంగ నీళ్లు ధౌలీగంగలో, అవి అలకనందలో, అవి గంగలో కలుస్తాయి. ఆ ప్లుటోనియం నేటికీ ఆ మంచులో ఎక్కడో ఉందనే అనుకుంటున్నారు.

ఇంతవరకు నా శిష్యురాలికి చెప్పినదే కొంచెం వివరంగా చెప్పాను. ఇప్పుడు చెప్పని సంగతికి వస్తాను. దారి మూసింది ఎవరికి?

జోషీమఠ్ నుంచి నీతి లోయ దారిలో పోతే ముందు రైణి, ఆ తరువాత లాతా వస్తాయి. లాతాలో నందాదేవి గుడి ఉంది. ఆ ఊళ్లలో ఉండేది భోటియాలు. గొర్రెలు, మేకలు, ఉన్ని నేత, కొండ దాటి టిబెట్టుతో ఉప్పు వ్యాపారం, ఇవీ వాళ్ల బతుకు. 1962 యుద్ధంతో ఉత్తరాన కనుమ మూసుకుపోయి వ్యాపారం ఆగిపోయింది. మిగిలింది దక్షిణాన పచ్చిక బయళ్లు. ధరాన్సీ, డిబ్రుఘేటా వంటి బయటి ఆవరణ మైదానాల్లోకి ఎండాకాలం మందలు తోలుకుని పోయేవాళ్లు. 1982లో జాతీయ ఉద్యానం ప్రకటించగానే ఆ దారీ మూసుకుపోయింది. ఇరవై ఏళ్లలో ఒక జాతికి ముందు తలుపు, వెనుక తలుపు రెండూ మూసేశారు. లాతాలో నేను ఉన్న ఇంటి పెద్దాయన, పొయ్యి దగ్గర కూర్చుని ఉన్ని వడుకుతూ, ఈ మాటను లెక్క చెప్పినట్టు చెప్పాడు తప్ప ఫిర్యాదుగా చెప్పలేదు. వాళ్ల నాన్నకు మూడు వందల గొర్రెలు ఉండేవట. ఆయనకు ఉన్నవి పదకొండు.

1962కూ 1982కూ నడుమ మరొక ఏడు ఉంది, 1974. ఆ ఏడు మార్చి 26న, సైన్యం తీసుకున్న భూములకు పరిహారం ఇస్తామని మగవాళ్లను చమోలీకి పిలిపించిన రోజున, గుత్తేదారు మనుషులు గొడ్డళ్లతో రైణి అడవిలోకి వచ్చారు. దాదాపు 2,500 చెట్లు వేలం పాడి ఉన్నాయి. గౌరాదేవి అనే విధవరాలు ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, చెట్లకు అడ్డం నిలబడి, వాళ్లను వెనక్కి పంపింది. చెట్లను కాపాడే చిప్కో ఉద్యమం పేరు వినగానే ప్రపంచానికి గుర్తుకొచ్చేది ఆ రోజే. మా ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే ఆ పాఠం చెబుతాను. అడవిని కాపాడిన ఆ ఊళ్లకు ఎనిమిదేళ్ల తరువాత అందిన కానుక ఏమిటంటే, మీ వల్ల అడవికి ముప్పు, లోపలికి రావద్దు అన్న ఉత్తర్వు. ఈ రెండో ముక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు, నేనూ ఏ రోజూ చెప్పలేదు.

లాతా పెద్దాయన మాటలు వింటుంటే నాకు మా తాత గుర్తుకు రావడానికి బలమైన కారణం ఉంది. మాది అచ్చంపేట వైపు కురుమ ఇల్లు. ఎండాకాలం రాగానే, చెలకల్లో గడ్డి మాడిపోయి కుంటలు ఎండిన తరువాత, మా తాత నల్లగొర్రెల మందను నల్లమల లోపలికి తోలేవాడు. గొంగడి, సద్దిమూట, చేతిలో గొడ్డలి. జంగ్లాతోళ్లకు, అంటే అటవీ శాఖ వాళ్లకు, పుల్లరి (మేత పన్ను) కట్టి రసీదు కొంగున ముడి వేసుకుని పోయేవాడు. చెంచుల పెంటల (చిన్న గూడేల) దగ్గర మంద దించి, వాళ్లకు గొర్రెపాలూ ఉన్నీ ఇచ్చి, తేనె, చిల్లగింజలు తీసుకునేవాడు. నీళ్లు ఏ సెలలో ఉన్నాయో, పులి ఏ వాగు పట్టి తిరుగుతున్నదో చెంచులు చెబితేనే మంద కదిలేది. 1983లో ఆ అడవి పులుల రక్షిత ప్రాంతంగా కేంద్రం పథకంలోకి వెళ్లింది. నందాదేవి తలుపు మూసుకున్న ఆ ఏడాది రెండేళ్లలోనే మా తాత పుల్లరి కూడా తీసుకోవడం మానేశారు. నాకు అప్పుడు పదకొండేళ్లు. మంద తగ్గింది, తరువాత అమ్ముడుపోయింది. మా నాన్న మట్టి పనికి మేస్త్రీ వెంట వలస పోయాడు, పాలమూరులో అందరూ పోయినట్టే.

ఇక్కడ నేను మా తాతను నిర్దోషిగా నిలబెట్టబోవడం లేదు. మేకలకు మేత కోసం కాపరులు కొమ్మలు నరికేవాళ్లు. వానల ముందు కొత్త గడ్డి రావాలని ఎండుగడ్డికి నిప్పు పెట్టినవాళ్లూ ఉన్నారు. మందల వెంట రోగాలు వచ్చి అడవిలోని దుప్పులకూ కొండగొర్రెలకూ సోకే ప్రమాదం ఉంది. లాతా వైపు కూడా అంతే. జట్ల బరువులు మోసి, పొదలు నరికి మంట పెట్టిన కూలీలలో ఆ ఊళ్ల మనుషులు ఉన్నారు, కూలి వాళ్లకూ అవసరమే. కాబట్టి ఏ హద్దూ వద్దన్నది నా వాదం కాదు. హద్దు ఎక్కడ పెట్టాలో, ఎన్ని గొర్రెలు, ఎన్ని రోజులు, ఏ వాగు దాకా అన్నది అక్కడివాళ్లతో కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. ఆ లెక్క వేసే ఓపిక లేక, అందరినీ ఒకే గాటన కట్టి, పర్యాటకుడినీ కాపరినీ ఒకే తాళంతో బయట పెట్టడమే తప్పు జరిగిన చోటు.

ఈ తప్పు మనుషులకే కాదు, అడవికి కూడా చెరుపు చేయగలదని చెప్పడానికి పూలలోయ కన్నా మంచి సాక్ష్యం లేదు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఫ్రాంక్ స్మైత్ జట్టు వానలో దారి తప్పి దిగిన ఆ లోయ, 87 చదరపు కిలోమీటర్ల చిన్న ఉద్యానం. అందులో 500కు పైగా పూమొక్కల జాతులు ఉన్నాయి. ఘాంఘరియా నుంచి పొద్దున్నే లోపలికి వెళ్లి, సాయంత్రానికి బయటికి రావాలి. రాత్రి ఉండటానికి వీల్లేదు. పుష్పావతి నది ఒడ్డున నేను గంటల కొద్దీ మోకాళ్ల మీద కూర్చుని మొక్కలు చూశాను. చాలా చోట్ల నడుము ఎత్తున, దట్టంగా, తెల్లని పూగుత్తులతో ఒకటే మొక్క అల్లుకుని ఉంది. పాలీగోనం జాతిది. దాని నీడలో చిన్న మొక్క ఏదీ లేదు. మన దగ్గర సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకున్న చెలక ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. తేడా ఏమిటంటే ఇవి సముద్రాలు దాటి వచ్చినవి, అది హిమాలయంలోనే పుట్టింది. పుట్టింటి మొక్కే ఇట్లా విరగబడటానికి కారణం ఏమిటన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదం ఉంది. 1982లో మేపడం నిషేధించిన తరువాతే ఇది పెరిగిందనీ, గొర్రెలు లేత చిగుళ్లు తిని, తొక్కి అణచి ఉంచడం వల్లనే చిన్న పూలకు వెలుతురు దక్కేదనీ ఒక వర్గం అంటుంది. చరియలు విరిగిన నేలల్లో ఇది సహజంగానే ముందు వస్తుందని మరొక వర్గం అంటుంది. అటవీ శాఖ మాత్రం ఏటా మనుషులను పెట్టి ఆ మొక్కను పీకిస్తున్నది. గొర్రె ఉచితంగా చేసిన పనిలో కొంతైనా ఇప్పుడు కూలి ఇచ్చి చేయించుకోవలసి వస్తున్నదేమోనని నాకు బలమైన అనుమానం.

అనుమానం అని ఊరుకోనక్కరలేని ఉదాహరణ భరత్‌పూర్‌ది. రాజస్థాన్‌లోని ఆ పక్షుల చిత్తడి నేలలో కూడా 1982లోనే బర్రెలను మేపడం నిషేధించారు. అడ్డుకున్న ఊళ్లవాళ్ల మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. బర్రెలు ఆగిపోగానే నీటిగడ్డి పెరిగి చెరువులను మూసేసింది, పక్షులకు తెరపి నీళ్లు తగ్గాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, బర్రెలు మేయడం వల్ల ఆ నేలకు మేలే జరుగుతుండేదని తేల్చింది. నిషేధం కోరినవాళ్లలో ఆ సంస్థ పెద్దలు కూడా ఉన్నారు. తమ మాట తప్పని తామే రాసిన ఆ నిజాయితీకి దణ్ణం పెడతాను. చనిపోయినవాళ్ల ఇళ్లకు మాత్రం ఆ నివేదిక ఏమీ తిరిగి ఇవ్వలేదు.

గొర్రెకు మూసిన లోయ అందరికీ మూసే ఉంటే ఇంత బాధ లేదు. ఋషిగంగ దర్వాజ దగ్గరే, రైణి ఊరి పక్కనే, 13.2 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టారు; దిగువన తపోవన్ దగ్గర 520 మెగావాట్లది మొదలుపెట్టారు. లోపల మంద అడుగు పెడితే నేరమన్న లోయ మూతి దగ్గర బండలు పేల్చారు. పేలుళ్ల మీద రైణి మనుషులు 2019లో హైకోర్టు దాకా వెళ్లారు. 2021 ఫిబ్రవరి 7న రోంటి శిఖరం వాలు నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల బండ, మంచు కలిసి విరిగిపడి లోయలోకి దూకాయి. ఋషిగంగ కేంద్రం ఆనవాలు లేకుండా పోయింది, తపోవన్ సొరంగం బురదతో నిండింది. చనిపోయినవాళ్లు, జాడ లేనివాళ్లు కలిపి 200 మందికి పైనే. బండ విరగడానికి ఆ ప్రాజెక్టులే కారణమని శాస్త్రం చెప్పలేదు, నేనూ చెప్పను. కాని వరద వచ్చే దారిలో అన్ని వందల మందిని పనికి పెట్టింది మనిషే. ఆ మృతుల్లో ఎక్కువ మంది పొట్ట చేత పట్టుకుని వచ్చిన వలస కూలీలు. వలస పోయిన మేస్త్రీ కూలీ కొడుకుగా ఆ వార్త చూసినప్పుడు నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను. రైణిలో చాలామందికి ఆ పూట మొదట గుర్తుకొచ్చింది ఆ పాత ప్లుటోనియం పెట్టె అని తరువాత చదివాను.

మనకూ అటువంటి పెట్టె ఒకటి మూత తెరుచుకోబోయింది. 2019లో మా నల్లమలలోని అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేసి యురేనియం వెతకడానికి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. తేనె తీసే చెంచును కూడా అడిగి ఆపే అడవిలోకి బోరు బండ్లు వస్తాయన్నారు. అచ్చంపేట, అమ్రాబాద్, పదర రోడ్ల మీదికి జనం వచ్చారు. మా బడి పిల్లలు వచ్చారు, నేనూ వచ్చాను. వ్యాపారులు దుకాణాలు మూశారు. ముందు వరుసలో నిలబడింది చెంచులు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. రైణి ఆడవాళ్లు 1974లో చేసినది ఏదో, మన చెంచులు 2019లో చేసింది అదే. అందుకే రైణికి ఎనిమిదేళ్ల తరువాత జరిగినది అమ్రాబాద్‌కు జరగకూడదని నా భయం, నా పట్టుదల.

భయం ఊరికే కాదు. అమ్రాబాద్ రక్షిత అడవి నడిభాగమైన కోర్ ప్రాంతంలోని ఊళ్లను, పెంటలను బయటికి తరలించే పని సాగుతున్నది. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమీ ఇల్లూ అన్నది పథకం. అందులో మైదానాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లలో కొందరు సంతోషంగానే పోతామంటున్నారు. బడి, ఆసుపత్రి, రోడ్డు కావాలనుకునేవాళ్లను అడవిలోనే ఉండమనే హక్కు నాకు లేదు. నా గొడవ అది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కాపరుల కాలానుగుణ మేత హక్కును గుర్తిస్తుంది, చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కును గుర్తిస్తుంది, తమ అడవిని తామే కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇస్తుంది. వన్యప్రాణుల కోసం ఎవరినైనా తరలించాలంటే, కలిసి బతకడం సాధ్యం కాదని ముందు నిరూపించాలి, గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఈ రెండు మెట్లూ ఎక్కకుండా నేరుగా చెక్కు దగ్గరికి పోవడం ఎందుకు? చెంచులు, పులులు ఒకే అడవిలో ఎన్ని వందల ఏళ్లు ఉన్నా పులి మిగిలింది. మనం వచ్చిన నూరేళ్లలోనే దానికి రక్షిత ప్రాంతం అవసరమైంది.

అటవీ శాఖలో పనిచేసి విరమించిన ఒక మిత్రుడు ఈ మాటకు నాతో చాలాసార్లు వాదించాడు. "నువ్వు చెప్పే చెంచు మా తాత కాలం చెంచు. ఇప్పుడు వాళ్ల దగ్గర బండి ఉంది, ఫోన్ ఉంది, వాళ్లను ముందు పెట్టుకుని వేటగాళ్లు వస్తారు. ఒక్క పులి పోతే జవాబు చెప్పేది నేనా నువ్వా?" అంటాడు. ఆయన మాటలో నిజం ఉంది, ఆయన అడవిలో తిరిగినన్ని రాత్రులు నేను తిరగలేదు. అయినా ఆయనే ఒప్పుకునే మరో నిజం ఉంది: పులి అడుగు జాడ తీయడానికి, నిప్పు ఎటు పోతుందో చెప్పడానికి, వేటగాడి ఉచ్చు పట్టడానికి ఆయన తోడు తీసుకుపోయింది చెంచు వాచర్లనే. అంతటి పని తెలిసిన మనిషిని రోజుకూలీగా ఉంచి, నిర్ణయం చేసే బల్ల దగ్గర కుర్చీ ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు. నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతరకు అదే పోలిక. చైత్ర పౌర్ణమికి లక్షలాదిగా దిగే మన జనాన్ని మూడు రోజులకు కుదించారు, సరైన పని. లోయ అడుగున లింగానికి పూజ చేసే చెంచు పూజారికీ, ప్లాస్టిక్ సీసా పారేసి వచ్చే మనకూ ఒకే నియమం పనికిరాదని అక్కడ అందరికీ తెలుసు. ఆ తెలివి మిగతా 362 రోజులకు ఎందుకు వర్తించదు?

లాతా వాళ్లు ఊరికే కూర్చోలేదు. 1998లో నీతి లోయ ఊళ్లన్నీ కలిసి నిషేధాన్ని ధిక్కరించి ఉద్యానంలోకి నడిచాయి; ఆ ఉద్యమాన్ని ఝప్టో ఛీనో అన్నారు, దూకి లాక్కోండి అని దాని అర్థం. లాక్కోవడంతో ఆగలేదు. 2001లో లాతాలో సమావేశమై తమ లోయను ఎట్లా చూపిస్తారో, ఎంతమందిని రానిస్తారో, లాభం ఎవరికి చెందాలో రాసి ప్రకటించారు. ఆ తరువాత బయటి ఆవరణలో కొంత దూరం వరకు, లెక్క ప్రకారం, స్థానిక మార్గదర్శకులతో నడవడానికి అనుమతి వచ్చింది. శిఖరం మీదికి కాదు. నేను వెళ్లినప్పుడు లాతా పెద్దాయన కొడుకే నాకు దారి చూపాడు. లాతా ఖరక్ పచ్చిక దాకా ఎక్కాం. తన తాత మంద పడుకున్న రాతి దొడ్డి గోడలను చూపించాడు. గడ్డి మొలిచి ఉంది, గోడ మాత్రం చెక్కుచెదరలేదు.

శిఖరాన్ని మళ్లీ తెరవాలన్న మాట పర్వతారోహకుల్లో, అధికారుల్లో అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. రుసుము వస్తుంది, ఉపాధి వస్తుంది, దేశానికి పేరు వస్తుంది అంటారు. శిఖరం తలుపు తెరిచే ముందు లోయ తలుపు తెరవాలని నా వాదన. కాపరికి లేని దారిని నా శిష్యురాలికి ఇమ్మని నేను అడగలేను. రేపు లాతా, రైణి, తొల్మా గ్రామసభలు కూర్చుని, ఏడాదికి ఒక జట్టు రావచ్చు, మా మనుషులే వెంట ఉంటారు, కట్టె ముట్టరాదు అని తీర్మానిస్తే నేను కాదనను. మా ఆడపడుచు మీదికి ఎవరూ ఎక్కవద్దు అని తీర్మానిస్తే, అది ఇంకా గౌరవించవలసిన మాట. ఏ తీర్మానమైనా ఢిల్లీలోనో డెహ్రాడూన్‌లోనో కాక ఆ గుడి ముందు జరగాలి.

పోయిన నెల మళ్లీ భువనగిరి గుట్ట దగ్గర ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మరి హర్షవంతి మేడం ఎక్కి వచ్చినంక ఏం చేసింది సార్?" అని అడిగింది. గంగోత్రి దగ్గర నరికేసిన భూర్జ వృక్షాలను మళ్లీ నాటించే పనికి ఏళ్లు ఇచ్చిందని చెప్పాను. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంటున్నది ఆ పిల్ల. శిక్షణ ముగిశాక లాతా వెళ్లి రెండు రోజులు ఆ ఇంట్లో ఉండి రమ్మన్నాను. ఆ పెద్దాయన నాకు తన చేతి నేత ఉన్ని శాలువా ఒకటి ఇచ్చాడు; బదులుగా మన గొంగడి ఒకటి పంపాలని అనుకున్నాను. నేసే కురుమ పెద్దమనిషి కల్వకుర్తి దగ్గర దొరికాడు గాని, దానికి కావలసిన నల్లగొర్రె ఉన్ని కోసం మంద వెతకడానికే మాకు నెల రోజులు పట్టింది.